పది రూపాయల నోటు మీది గుడి

ఇవాళ పొద్దున్న పాలవాడిచ్చిన చిల్లరలో మడత పడని పది రూపాయల నోటొకటి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త సిరా వాసన. చాక్లెట్ రంగు, వెనకవైపు కోణార్క గుడి. ఆ వాసనకి నాకు ఒక దీపావళి, సత్యవతమ్మగారూ గుర్తొస్తారు.

శృంగవరపుకోట బజారులో ఆవిడది ఇత్తడి సామాన్ల కొట్టు. భర్త పోయాక ఒక్కతే నడుపుకొచ్చింది. మా ఆయన చనిపోయిన ఏడాదే నేనక్కడ బిల్లులు రాసే పనికి చేరాను. ఆవిడ జాలిపడే మనిషి కాదు. మొదటి రోజే, "ఏడవాలంటే ఎనక గదిలోకెల్లి ఏడు. ఏడిసి వచ్చీసి ఆ బిందెలు తుడు," అంది. ఒళ్ళు మండింది. అయినా మర్నాడు వెళ్ళాను. ఊళ్ళో నాతో మామూలుగా మాట్లాడింది ఆవిడొక్కతే మరి.

కొత్త నోట్లు ఒక్కొక్కటే వస్తున్న రోజులవి. ఏది వచ్చినా ఆవిడ ముందు వెనక్కి తిప్పి బొమ్మ చూసేది. హంపి రథం, సాంచి స్తూపం, గుజరాత్ దిగుడుబావి, ఇవన్నీ నన్నడిగి తెలుసుకుంది. కోణార్క మాత్రం పూరీ వెళ్ళినప్పుడు భర్తతో కలిసి చూసిందట.

"లోపలికి ఎల్లనివ్వరే. ఇసకపోసి మూసీసినారు. దేవుడు లేడు, దీపం లేదు. అయినా ఏటి జనం. మా ఆయన ఆ సెక్రం కాడ నిలబడి కదిల్తే కదా," అంది.

ఊరందరికీ దీపపు కుందులమ్మే ఆ కొట్టులో దీపావళి లక్ష్మీపూజకి దీపం పెట్టేది ఆవిడ కాదు. విజయనగరం నుంచి మరిది వచ్చి వెలిగించేవాడు. భర్త పోయిన ఆడదాని చెయ్యి పడకూడదని ఆ ఇంటి పద్ధతి. ఆవిడ తలుపు పక్కన నిలబడేది, నేను ఇంకా వెనక, గోదాములో. అది తప్పని నాకప్పుడు తోచనే లేదు.

పది రూపాయల కొత్త నోటొచ్చిన ఏడు పూజపళ్ళెంలో కొత్త నోట్ల కట్టలు సర్దాను. మరిది వచ్చి, పట్టుపంచె సర్దుకుని కూర్చుని, పది రూపాయల నోట్ల కట్ట తీసి పక్కన పడేశాడు.

"పూజల్లేని గుడి వొదినా ఇది. పాడుబడిపోయినాది. లచ్చిందేవి ముందట పెట్టకూడదు."

ఆవిడ తలుపు దగ్గర నుంచి కదిలింది.

"పొద్దున్నుంచి గల్లాపెట్టెలో పుచ్చుకుంటన్నాం కదా బాబూ. అప్పుడు లేని దోసం ఇప్పుడెలాగొచ్చినాది?"

"అది ఏపారం. ఇది పూజ."

"ఏపారం సేసినంతసేపూ నా సెయ్యి మంచిదే. దీపం కాడికొచ్చేసరికి పాడైపోనాది. ఆ గుడికీ నాకూ ఒకటే నాయం సెప్తన్నావు. లెగు. నా కొట్టులో నానే ఎలిగిస్తాను."

"ఊళ్ళో ఏటనుకుంటారు?"

"అనుకోనీ."

కట్టని మళ్ళీ పళ్ళెంలో పెట్టి కూర్చుంది. మొదటి పుల్ల ఆరిపోయింది. రెండోది నిలిచింది. తర్వాత గోదాము వైపు తిరిగి, "ఒసే లలితా, ఆ మూల ఏటి సేస్తన్నావు? రా. ఈ రెండో ఒత్తి నీది," అంది. సంతోషమేమీ కలగలేదు నాకు, భయమే వేసింది. అయినా వెళ్ళి వెలిగించాను. మరిది ప్రసాదం ముట్టకుండా వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు రాలేదు.

ఆవిడ ఇప్పుడు లేదు. ఆ కొట్టు చేతులు మారింది. పండగనాడు వెనక్కి తప్పుకున్న మనిషి కనిపిస్తే పిలవకుండా ఉండలేకపోవడం మాత్రం నాకు మిగిలింది. మొన్న దీపావళికి దీపాలు పెట్టేవేళ మా అత్త వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. మావ పోయినప్పటి నుంచీ అక్కడే ఆగుతుంది. అగ్గిపెట్టె తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. రోజూ పొయ్యి వెలిగించే మనిషి, పుల్ల తీసి నా మొహంలోకి చూసింది.

"నానేటే?" అంది.

"నువ్వే అత్తా," అన్నాను.