నూకాలు చూసిన గాజు పెట్టెలు

“కంటికి కనబడనిదాన్ని సూడ్డానికి నీకు జీతమేటే?” అని వీర్రాజు ఓసారి పెళ్ళాన్ని నిలదీశాడు. అతను ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద పని చేస్తాడు.

నూకాలు తగ్గలేదు. “సముద్రంలో సేపలు నీకు పైనుంచి కనబడతన్నాయేటి మావా?”

భీమిలి దారిలో ఓ రొయ్యపిల్లల హేచరీలో ఆమె ఉప్పునీళ్ళ బకెట్లు మోసేది. అప్పుడే పుట్టిన రొయ్యపిల్లలకి మేత డయాటమ్ అనే నాచు. దాని బతుకంతా ఒకే ఒక్క కణం. మేత బాగుందో లేదో రోజూ మైక్రోస్కోపులో చూడాలి. ఆ పని చేసే హేమశ్రీ ఓ పొద్దున నూకాలుని పిలిచి పక్కన కూర్చోబెట్టింది. స్త్రీ శక్తీ, శ్రమ గౌరవమూ ఏమీ కాదు. మైక్రోస్కోపు దగ్గర ఆమెతో ఉండే రెండో మనిషి మానేసింది, అంతే.

గోధుమరంగు నీటిచుక్క నాలుగొందల రెట్లు పెద్దదై కనబడింది. అందులో నీళ్ళకంటే జనమే ఎక్కువ! ఒక్కొక్కరిదీ ఒక్కో గాజు పెట్టె. లోపల ఎండని తిండిగా మార్చుకునే బంగారు రంగు ముక్కలు. హేమశ్రీ అయోడిన్ చుక్క వేసేసరికి నడుమ కేంద్రకం ముదురుగా తేలింది.

“పెట్టెకి మూతా అడుగూ ఉంటాయక్కా. కణం రెండైనప్పుడు చెరొకటీ పట్టుకుపోతాయి. దక్కినదాన్ని మూతగా పెట్టుకుని, లోపల కొత్త అడుగు కట్టుకుంటాయి.”

“అయితే అడుగు పట్టికెల్లినోడి పెట్టె సిన్నదైపోదేటి?”

“అవుతుంది. తరతరానికీ.”

“మరాకరికి?”

“మరీ ఇరుకైతే పెట్టె వదిలేసి బయటికొచ్చి, మళ్ళీ పెద్దది కట్టుకుంటుంది.”

నూకాలు మైక్రోస్కోపు మీంచి కన్ను తియ్యలేదు. “ఆ బకెట్లల్లో ఊళ్ళకి ఊళ్ళు నెత్తిన మోసేనమ్మా ఇన్నాళ్ళూ,” అంది చివరికి.

ఆ కుర్చీ ఆమెకే దక్కింది. నెల తిరక్కుండానే పోబోయింది కూడా. ఓ రోజు లెన్సుకి తడి అంటింది. జాలరిపేటల్లో ఆడవాళ్ళు ఏది తుడవాలన్నా పైటచెంగే. నూకాలూ అలాగే తుడిచింది. ఉప్పునీళ్ళకి తడిసి ఆరి, ఆరి తడిసి, ఆ చెంగు గరుకు కాగితంలా ఉంది. లెన్సు నిండా గీతలు.

మేనేజరు సన్యాసిరాజు తేల్చేశాడు. “లెన్సు డబ్బు జీతంలో కోయించుకుంటావా, మళ్ళీ బకెట్లెత్తుతావా?”

“కోసుకోండి బాబూ. నాను మాత్రం ఈ కుర్సీ దిగను.”

దిగలేదు. కొత్త లెన్సు బాకీ ఇంకా మూడువేల ఆరొందలుంది.