మూడో అంతస్తులో స్నానం

మా ఉంజు ఊళ్లో టాక్సీ నడిపే తాక్ మాన్‌షిక్ నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరి కోడలు పుట్టింటికెళ్లిందో, ఎవరి కొడుకు పరీక్ష తప్పాడో, ముందు తెలిసేది ఇతనికి, తరవాత ఊరికి, చిట్టచివర ఆ ఇంటివాళ్లకి. చెడ్డవాడు కాదు. ముసలమ్మల సంచులు గుమ్మం దాకా మోసిపెడతాడు. మోసేటప్పుడు సంచిలో ఏముందో చూసుకుంటాడు, అంతే.

మార్కెట్ వీధిలో నాలుగంతస్తుల భవనం ఒకటుంది. కింద ఆడవాళ్ల వేడినీళ్ల స్నానశాల, దానిమీద మగవాళ్లది, నాలుగో అంతస్తులో టేబుల్ టెన్నిస్ హాలు. మధ్యలో, మూడో అంతస్తులో, డాక్టర్ నామ్‌గుంగ్ మనోవైద్య క్లినిక్. ఊరు మొత్తానికి మనసుకు మందిచ్చే డాక్టరు ఆవిడొక్కతే. పేరు పెట్టి ఎవరూ అనరు, 'మూడో అంతస్తు' అంటారు, అదీ గొంతు తగ్గించి. అక్కడికి పోయేవాళ్లు టాక్సీ ఎక్కి "స్నానశాల దగ్గర ఆపండి" అంటారు. సబ్బూ తువ్వాలూ ఉన్న ప్లాస్టిక్ బుట్ట చేతిలో లేకుండా స్నానానికి ఎవరైనా పోతారా? ఈ శాస్త్రాన్ని కనిపెట్టింది మాన్‌షికే. పొద్దున్నే టాక్సీ స్టాండులో, మిషన్ కాఫీ కప్పు పట్టుకుని, "నిన్న బుట్ట లేకుండా ఇద్దరు" అని మొదలుపెట్టేవాడు. పేర్లు కూడా చెప్పేవాడు. డ్రైవర్లు పడీపడీ నవ్వేవాళ్లు. అలాంటివాడికి ఆ ఏడు వసంతంలో వంతెన మీద గుండె జారిపోయింది.

మా ఊరిని ఏరు రెండు ముక్కలు చేసింది. మార్కెట్టూ రైల్వేస్టేషనూ ఇవతల, కొత్త అపార్ట్‌మెంట్లన్నీ అవతల. రోజుకి ఇరవై సార్లు దాటే వంతెన అది. ఒక మధ్యాహ్నం సరిగ్గా నడిమధ్యకు వచ్చేసరికి చేతులకు చెమట పట్టింది, ఊపిరి అందలేదు, గుండె డప్పు కొట్టింది. చచ్చిపోతున్నాననుకున్నాడు. చావలేదు. మర్నాడూ అదే చోట, అదే డప్పు. మూడో రోజు వంతెన కనబడగానే మొదలైంది.

అప్పట్నించీ అవతలి ఒడ్డు బేరం వస్తే వంతెన ఈ చివర దాకా తీసుకొచ్చి, "టైరులో గాలి తక్కువగా ఉందండీ" అని దింపి, వెనకాల వచ్చే కూ దోక్‌సు టాక్సీలో ఎక్కించేవాడు. దోక్‌సు అతనికన్నా ఆరేళ్లు చిన్న, పాతికేళ్ల స్నేహం.

"అన్నా, నీ టైరుకి నెల రోజుల్నించీ గాలి లేదు. అవతల ఎవరితోనైనా గొడవా?" అని అడిగాడొకసారి.

"నీ పని చూసుకో" అన్నాడు మాన్‌షిక్. ఊరందరి పనీ చూసుకునేవాడు ఆ మాట అనడం దోక్‌సుకి వింతగా తోచింది.

గుండె డాక్టరు తీగలు తగిలించి చూసి, "ఎద్దుకుండే గుండె మీది. మూడో అంతస్తుకి వెళ్లండి" అన్నాడు. మాన్‌షిక్ ఆ డాక్టరుకి చదువు రాదని తేల్చేశాడు. సూదులు పొడిచే వైద్యుడి దగ్గరికి పోయి పిన్నులు గుచ్చిన దిండులా పడుకున్నాడు. భార్య ఓక్‌బున్ జింకకొమ్ము కషాయం కాచింది, బురదచేపల పులుసు పెట్టింది. రెండు కిలోలు లావెక్కాడు. వంతెన మాత్రం దాటలేదు. ఇలాగే సాగితే టాక్సీ అమ్ముకోవాలి, అమ్ముకుంటే యాభై ఎనిమిదేళ్ల వయసులో ఇంట్లో కూర్చుని ఎవరి కబుర్లు చెప్పాలి?

ఇక మూడో అంతస్తే దిక్కు. కానీ తను కనిపెట్టిన శాస్త్రం తన మెడకే చుట్టుకుంది. బుట్ట లేకుండా పోలేడు. ఓక్‌బున్ గులాబీరంగు బుట్ట పట్టుకుని బయల్దేరాడు. మెట్ల దగ్గర స్నానశాల కౌంటరు మనిషి, "రండి రండి, చాన్నాళ్లయింది" అని బట్టల అర తాళంచెవి చేతిలో పెట్టాడు. కాదనలేక లోపలికి పోయి స్నానం చేసి ఇంటికొచ్చాడు. మూడురోజుల తరవాత మళ్లీ పోయాడు, మళ్లీ స్నానమే. మూడోసారి ఒళ్లు రుద్దే మనిషి వీపు చూసి, "ఇక రుద్దడానికేం లేదన్నా, తోలే మిగిలింది" అన్నాడు.

పండక్కి తప్ప స్నానశాల గడప తొక్కని మొగుడు పది రోజుల్లో మూడుసార్లు ఎర్రగా ఉడికి రావడం ఓక్‌బున్ కంటబడింది.

"ఏమయ్యా, ఎవరికోసం ఈ నిగనిగలు?"

"ఒళ్లునొప్పులే."

"ఒళ్లునొప్పులకి సెంటెందుకు?"

"సెంటు కాదు, అక్కడి షాంపూ!"

"ఆ షాంపూ పేరేంటో, ఇల్లెక్కడో కనుక్కుంటాలే" అంది ఓక్‌బున్, ముల్లంగి ముక్కలు కసకసా నరుకుతూ.

నాలుగోసారి తెగించాడు. కౌంటరు మనిషి ఫోన్లో ఉండగా లిఫ్టులో దూరి నాలుగు నొక్కాడు. ఎవరైనా చూస్తే టేబుల్ టెన్నిస్ ఆడటానికని చెప్పొచ్చు. బుట్టతో టేబుల్ టెన్నిస్ ఏమిటని ఎవరైనా అడుగుతారేమోనన్న ఆలోచన లిఫ్టు తలుపులు మూసుకున్నాక వచ్చింది. పైన దిగి, మెట్లమీదుగా ఒక అంతస్తు కిందికొచ్చి, కళ్లు మూసుకుని తలుపు తోశాడు.

కళ్లు తెరిచేసరికి లోపల ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. ఎనిమిది మంది ఒళ్లోనూ ఎనిమిది బుట్టలు. గోడవార వాటికోసం ప్రత్యేకంగా అరలు కూడా కట్టించారు. డాక్టరు నామ్‌గుంగ్ పెద్ద నగరం నుంచి వచ్చిన మనిషి, ఈ ఊరివాళ్లకి శుభ్రత ఎక్కువని మొదటి ఏడాదంతా మెచ్చుకుందట.

ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీ నూడుల్స్ కొట్టు హా బోంగ్‌నే పక్కన ఉంది. మాన్‌షిక్ దొంగకు తేలు కుట్టినట్టు అందులో కూర్చున్నాడు.

"రావయ్యా డ్రైవరూ. బుట్ట బాగుంది" అంది ఆవిడ.

"అక్కా, నేను పొరపాటున…"

"నేనూ పొరపాటునే వచ్చానులే, పోయిన శరదృతువులో. నీ టాక్సీలోనే. బుట్ట తెచ్చుకోవాలని తెలీదప్పుడు."

మాన్‌షిక్‌కి గుర్తొచ్చింది. మర్నాడు స్టాండులో చెప్పాడు. 'నూడుల్స్ అక్క పులుసులో ఇక ఏం కలుస్తుందో' అని కూడా ఒక జోకు వేశాడు. మంచి జోకని ఆరోజు తనే మురిసిపోయాడు.

"మార్కెట్లో నడుస్తుంటే నవ్వేవాళ్లు. ఇటు రావడం మానేశాను" అంది బోంగ్‌నే, బుట్టలోని సబ్బుపెట్టె సర్దుకుంటూ. "కొట్టు మూసేశాను. మోకాలి ఆపరేషనని చెప్పుకున్నాను. ఎనిమిది నెలలు, వెనకగదిలో గోడవైపు తిరిగి పడుకున్నాను. మా అమ్మాయే నన్ను లేపి, బుట్ట చేతికిచ్చి పంపింది."

మోకాలి ఆపరేషన్ సంగతి కూడా ఊరంతా చాటింది మాన్‌షికే. ఆవిడ మొహం చూడలేకపోయాడు.

"అక్కా… నేనిక్కడికి వచ్చానని ఎవరికీ చెప్పకు."

"నేనెందుకు చెబుతానయ్యా? చెప్పడం నీ పని కదా" అంది ఆవిడ. లోపల్నించి ఆవిడ పేరు పిలిచారు. లేచి వెళ్లిపోయింది.

డాక్టరమ్మ పావుగంట అతని మాట విన్నది. పాతికేళ్లలో ఎవరూ అడ్డం రాకుండా, నవ్వకుండా అతని మాట వినడం అదే మొదలు. "చావు రాదు. వచ్చేది భయం, అది పదినిమిషాల్లో దిగిపోతుంది" అంది. మందిచ్చి, ఎలా పడుతుందో తెలిసేదాకా బండి తీయొద్దంది. మందు కుదిరాక, పక్కన ఒక తెలిసిన మనిషిని కూర్చోబెట్టుకుని వంతెన దాటడం మొదలుపెట్టమంది. సరేనన్నాడు గానీ, తెలిసిన మనిషిని తేవాలంటే ఆ మనిషికి తెలియాలి కదా!

ఇంటికొచ్చేసరికి ఓక్‌బున్ బుట్ట లాక్కుని వెతికింది. తువ్వాలు పొడిగా ఉంది. దానికింద మందుల పొట్లం. క్లినిక్ పేరు చదివింది, రెండోసారి చదివింది.

"ఆడమనిషి కాదా?"

"డాక్టరు ఆడమనిషే…"

బుట్టతో వీపుమీద ఒక్కటిచ్చింది. మూడుసార్లు రుద్దించుకున్న వీపేమో, చుర్రుమంది. ఆ తరవాత అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది. "నాకు చెబితే ఏం పోయేదయ్యా? ఊరందరికీ అన్నీ చెబుతావే!" అంది.

వారం రోజులు ఇంట్లో ఉండి, డాక్టరమ్మ ఊఁ అన్నాక మళ్లీ స్టాండుకి వెళ్లాడు. అవతలి ఒడ్డు బేరాలు ఒప్పుకోకుండా, తన పేరు ఎప్పుడు బయటికొస్తుందా అని చెవులు రిక్కించి కూర్చున్నాడు. నూడుల్స్ కొట్టు మళ్లీ తెరిచారు. డ్రైవర్లంతా అక్కడే తిని వస్తున్నారు. ఒక్కొక్కరు మూతి తుడుచుకుంటూ వచ్చినప్పుడల్లా ఇతని ప్రాణం పైకి పోయి కిందికొచ్చేది. రెండు వారాలు గడిచాయి, ఒక్క మాట రాలేదు. బోంగ్‌నే చేతికి ఇతని జుట్టు దొరికింది, లాగలేదు. ఆవిడ తిట్టి ఉంటే ఇంత సిగ్గు వేసేది కాదు.

ఒక పొద్దున్న కాఫీ కప్పు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"మూడో అంతస్తుకి ఎవరు పోతున్నారో తెలుసా?"

నలుగురూ మూగారు. "ఎవరన్నా? చెప్పు చెప్పు!"

"నేను."

స్టాండు దద్దరిల్లేలా నవ్వారు. ఒకడు కాఫీ ఒలకబోసుకున్నాడు. "నీలాంటివాడు లేడన్నా" అని భుజం తట్టాడు ఇంకొకడు.

"నిజంరా. నాకు వంతెనంటే భయం. నడిమధ్యకి వస్తే ఊపిరాడదు. మందు మింగుతున్నాను."

ఇంకా నవ్వారు. పొట్లం తీసి చూపిస్తే అది కూడా జోకులో భాగమే అనుకున్నారు. నూడుల్స్ అక్క మీద జోకు వేసినందుకు సిగ్గుపడుతున్నాననీ, అది జోకు కాదనీ గట్టిగా అరిచి చెప్పాడు. కళ్లలో నీళ్లొచ్చాయి. "అబ్బ, ఏం నటిస్తున్నాడ్రా!" అన్నాడొకడు. పాతికేళ్లు నవ్వించినవాడి మాట ఒక్క పొద్దున ఎవరు నమ్ముతారు?

నవ్వనివాడు దోక్‌సు ఒక్కడే. టైరు గాలి లెక్క అతనికే తెలుసు మరి. చేతిలో కప్పు అక్కడ పెట్టేసి, వచ్చి మాన్‌షిక్ టాక్సీలో ముందుసీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

"పద. దాటుదాం."

"ఇప్పుడా?"

"పక్కన నేనున్నాగా."

వంతెన ఎక్కారు. నడిమధ్యకి రాగానే చేతులకి చెమట పట్టింది, డప్పు మొదలైంది. మాన్‌షిక్ స్టీరింగు బిగించి పట్టుకుని, డాక్టరమ్మ చెప్పినట్టు ఊపిరి మెల్లగా వదిలాడు. బండి నత్తలా పాకింది. వెనక బస్సువాడు హారను కొట్టి తిట్టాడు. దోక్‌సు కిటికీలోంచి తల బయటపెట్టి వాడికి నాలుగు తిట్లు తగిలించి, మళ్లీ బుద్ధిగా కూర్చున్నాడు. అవతలి ఒడ్డు చేరి రోడ్డువార ఆపేసరికి మాన్‌షిక్ చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. దాటాడు. స్టీరింగు మీద తల ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. సంతోషమే అది.

దోక్‌సు బెల్టు విప్పి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అన్నా, ఆ డాక్టరమ్మ నంబరివ్వు" అన్నాడు చివరికి. "మా బావమరిదికి. నాలుగు నెలలుగా నిద్రపట్టదు వాడికి. తెల్లారగట్ల లేచి వంటింట్లో ఒక్కడే కూర్చుంటాడు."

దోక్‌సు భార్య అయిదుగురు ఆడపిల్లల్లో ఆఖరిది. ఆ ఇంట్లో మగపిల్లాడు పుట్టలేదు. ఆ సంగతి మాన్‌షిక్‌కి తెలిసినంత బాగా ఊళ్లో ఇంకెవరికీ తెలీదు.

మాన్‌షిక్ కాగితం తీసి, నంబరు పెద్ద అంకెలతో రాసిచ్చాడు.

"మంగళవారం పొద్దున్నే అయితే జనం తక్కువ. మీ బావమరిదిని రమ్మను" అన్నాడు. "నేనూ అక్కడే ఉంటాను."