ఓబులమ్మక్క తొట్టి

చెవి దగ్గర దోమ మోగితే నాకు నిద్ర ఉండదు. ఇప్పుడు మోగుతున్నది ఒకే ఒక్క దోమ, గొంతు మాత్రం రాయదుర్గం పోయే పాత బస్సు హారనంత. దోమతెర కట్టుకున్నా గుండె లేచి కూర్చుంటుంది. ఆ మోతతో పాటే కళ్యాణదుర్గంలో మా ఇంటి ఓనరు ఓబులమ్మక్క గుర్తొస్తుంది.

ఆమెది వేరుశనక్కాయల వ్యాపారం. ఆమె గొంతెత్తితే తూకపురాళ్లు కూడా తమ బరువు సరిచూసుకునేవి. మేము ఆమె ఇంట్లో అద్దెకున్న ఆ ఎండాకాలం కుళాయి వారానికోసారి వచ్చేది. వచ్చిన రోజు మేము బిందెలు, బకెట్లు, చివరికి పెళ్లిలో వచ్చిన వెండిగ్లాసులు కూడా నింపేవాళ్లం. పెరట్లో అక్క సిమెంటు తొట్టి ఉండేది. అందులో ఏనుగు ఈదొచ్చని ఊరంతా నేనే చాటాను. మా సీమలో పాలు ఒలకబోసినవాణ్ణి క్షమిస్తారు, నీళ్లు పారబోసినవాణ్ణి క్షమించరు.

అప్పుడు నా భార్య జయ కడుపుతో ఉంది. ఒక సాయంత్రం బయట బండలు పగిలే వేడి, లోపల ఆమె దుప్పట్ల గుట్ట కింద మంచంతో సహా వణికింది. మర్నాడు లేచి జొన్నరొట్టెలు చేసింది. ఎండదెబ్బేలే, పోయిందని నేను సంబరపడ్డాను.

"ఏమప్పా, నగుతాండావు?" అంది ఓబులమ్మక్క. "జొరం రాని దినాన్ని నమ్మొద్దు. రేపు సూడు."

మర్నాడు అదే వేళకు మళ్లీ వణుకు. ఆస్పత్రిలో రక్తం చూసి మలేరియా అన్నారు. కడుపులో బిడ్డకూ ప్రమాదమేనని డాక్టరమ్మ అంది. ఇంటికొచ్చి ఓబులమ్మక్కను అడిగాను.

"వానే లేదు కదక్కా, దోమలు యాడివి?"

"వానలొస్తే గుంతల్లో పుడతాయి. ఎండాకాలం మనమే సాకుతాండాం" అంటూ తన తొట్టి మీద సందులు పడ్డ రేకు ఎత్తింది. తేటనీళ్ల మీద సన్నటి పురుగులు అడ్డంగా తేలుతున్నాయి. వీధివీధికీ మూతలు పెట్టుకోమని చెప్పిన మనిషి తొట్టిలోనే! అక్క కొంగు దోపుకొని, అడుగున తూముకు కుక్కిన గుడ్డ లాగేసింది.

వీధంతా బిందెలతో పరిగెత్తుకొచ్చింది. "ఓబులమ్మకు పిచ్చి పట్టినాది!"

"పురుగులు మోసుకోని పోవద్దండి, గుడ్డలో వడగట్టుకోండి!" అని అరిచింది అక్క.

"మరి నీకు నీళ్లు యాడుండాయి?" అంది ఎదురింటామె.

"నాకు దప్పికయితే మీ ఇంటికొస్తా. ఆ బిడ్డకేమన్నా అయితే ఎవరింటికి పోయేది?"

ఆ రాత్రి నుంచి అక్క జయను దోమతెరలోంచి కదలనివ్వలేదు. "నిన్ను కుట్టిన దోమే నా జోలికొస్తే నీ జొరం నాకు తెచ్చిపెడతాది తల్లీ. అంత మర్యాద నాకొద్దు." మాత్రలు అయిపోయేదాకా మింగించి, నోరు తెరిపించి చూసేది. నెలలు నిండాక బిడ్డ పుట్టింది. ఆ ఏడుపు బళ్లారి దాకా వినపడిందంటే నమ్మాలి.

ఓబులమ్మక్క ఇప్పుడు లేదు. మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. తనకెప్పుడైనా ఒళ్లు కాలి, మర్నాటికి చల్లబడితే, "నేను బాగుండా నాయనా" అంటుంది. వెంటనే చెప్పులు వేసుకొని అమ్మాయిని రక్తపరీక్షకు బయలుదేరదీస్తాను. జ్వరం తగ్గిన మనిషిని ఆస్పత్రికి లాక్కుపోయే ఇల్లు మాదొక్కటేనని వీధంతా నవ్వుతుంది. నవ్వుకోనీ.