ఫ్రీజర్ వెనక బంతిపూలు

కుప్పంలో మేము తయారుచేస్తున్న ఫ్రీజర్ మైనస్ ఎనభై డిగ్రీలకు దిగితేనే నా పరిశోధన ఉద్యోగం నిలుస్తుంది. పరీక్ష రోజు అది మైనస్ అరవై దగ్గరే ఆగిపోయింది. నా డిజైనే తప్పన్నారు డైరెక్టరు.

అప్పుడు మా సీనియర్ మిషను వెనక్కి వంగి చూశాడు. నేను చేరిన రోజే, "పుంగనూరు ఆవంత ఉండావు, లోపలికి తొంగి సూసేకి స్టూలేయాల్నా అమ్మా?" అని అందరినీ నవ్వించిన మనిషి. ఆ మాట నేను మరచిపోలేదు, మరచిపోను.

"ఆయమ్మ తప్పు కాదు సార్. నిన్న ఆయుధపూజకని మదనపల్లె బంతిపూల మాలలు నేనే వెనక జాలీ నిండా కప్పినా. గాలాడకుంటే వేడి యాడికి పోతాది?" అన్నాడు.

మాలలు తీసేశాం. సాయంత్రానికి మైనస్ ఎనభై వచ్చింది. చప్పుడు చేయకుండా ఆ పూలు లాగేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. డైరెక్టరు ముందు తన తప్పని చెప్పి నా పేరు నిలబెట్టినందుకు ఆయనకు నేనెప్పటికీ కృతజ్ఞురాలిని.