సుజాతకు దొరికిన తిట్లు

దేవుడి ఫొటోలు తప్ప ఇక్కడ ఏమీ పెట్టని నేను, ఈ రోజు నవ్వు ఆపుకోలేక రాస్తున్నాను.

శ్రావణ శుక్రవారం పేరంటానికి, మాకు రోజూ పూలు తెచ్చే ట్రాన్స్‌జెండర్ అమ్మాయి సుజాతను కూడా పిలిచాను. మా అత్తగారికి వినపడదన్న ధైర్యంతో అందరూ అత్తల ఆరళ్లు చెప్పుకుంటుంటే, సుజాత గుమ్మం పక్కన కూర్చుని వింది.

“మిమ్మల్ని చూస్తే కుళ్ళుగా ఉందండి. చీర కట్టుకున్నాను, జడ పెంచుకున్నాను. తిట్టే అత్తగారిని ఎక్కణ్ణుంచి తెచ్చుకోనండీ?” అంది.

“మా అత్తగారిని పట్టుకుపో తల్లీ” అన్నాను నెమ్మదిగా.

తర్వాత శనగల వాయనం ఇవ్వబోతే సుజాత చేతులు చాపింది. కుర్చీలోంచి మా అత్తగారు గయ్యిమన్నారు.

“ఆడపిల్లవి, వాయనం కొంగు పట్టి పుచ్చుకోవాలని తెలీదటే? మీ అమ్మ నేర్పలేదా?”

సుజాత గబుక్కున కొంగు పట్టింది.

“ఎవరూ నేర్పలేదు మామ్మగారూ.”

“అయితే వచ్చే శుక్రవారం పెందలాడే రా. నేను నేర్పుతా.”

సుజాత కొంగు నిండా శనగలతో గుమ్మం దిగుతూ, “పిన్నిగారూ, నన్నూ తిట్టారండీ!” అని మురిసిపోయింది.

కాపురానికొచ్చిన దగ్గర్నుంచి తిట్లే తిన్నాను గానీ, నన్నెప్పుడూ ఇలా పిలిచి నేర్పలేదు. ఇప్పుడు కుళ్ళు నాకు! మీరైతే ఏం చేస్తారో చెప్పండి. ఇది చదివి దాచుకోండి గానీ, మా అత్తగారికి మాత్రం చూపించకండి. ఆవిడకి చెవులే వినపడవనుకున్నాను, అదీ అబద్ధమేనేమో.