మందకుక్కలకు పట్టా

నాకు కుక్కలంటే పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే ఇదంతా చదివి ఈ గిరి, అంటే నేను, ఎవరో పెద్ద జంతుప్రేమికుణ్ణి అనుకుంటారు. చిన్నప్పుడు మా కడప పల్లెలో ఒకటి నా పిక్క పట్టుకుని ఈడ్చింది. బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకున్న రోజులవి. అలాంటివాణ్ణి ఖతర్ వచ్చి హౌస్ డ్రైవర్‌గా చేరితే, నాకు అప్పగించిన మొదటి పని కుక్కలకు మాంసం చేరవేయడం.

మా యజమానిని పనివాళ్ళమంతా బాబా అంటాం. ఇల్లు నగరం మధ్యలో, అల్ సద్‌లో. షహానియా దాటాక ఎడారిలో ఆయనకొక తోట ఉంది, మజ్రా అంటారు. అక్కడ ఒంటెలున్నాయి, గొర్రెలున్నాయి, అన్నిటికంటే ముద్దుగా పెరిగే సలూకీలున్నాయి. సన్నటి నడుము, పొడుగాటి కాళ్ళు, చెవుల మీద కుచ్చులు. చలికాలం వేట పోటీల్లో పరుగెత్తేవి అవే. మొదటిరోజు నాకొచ్చిన ఒక్క అరబ్బీ ముక్కా వాడి 'కల్బ్' అన్నాను. బాబా మొహం చిట్లించి, 'కల్బ్ కాదు, సలూకీ' అన్నాడు. అంటే కుక్కను కుక్క అనకూడదన్నమాట. జీతమిచ్చేవాడు నెమలి అనమన్నా అంటాను, నాదేం పోయింది.

ఆ సలూకీలను సాకేది నర్సింలు. కామారెడ్డి వైపు పల్లె, కురుమలు. గొర్లకాపరి వీసా మీద వచ్చాడు. మజ్రాలో అడుగుపెట్టిన కొన్నాళ్ళకే సలూకీలు అతని వెనకాల తిరగడం మొదలుపెట్టాయట. బాబా చూసి, గొర్లను ఇంకొకరికి అప్పగించి ఇతన్ని వాటి దగ్గర పెట్టాడు. అక్కడ ముందునుంచీ ఉన్న పాకిస్తానీ పెద్దమనిషి ఒవైస్ పని నేర్పాడు. గోళ్ళు తీయడం, పరుగు తర్వాత కాళ్ళు నిమరడం, మెడకు వెడల్పాటి తోలుపట్టీలు కుట్టడం. పనితోపాటు ఒవైస్ మాటలు కూడా నర్సింలు నోటికి పట్టేశాయి. గొలుసు జంజీర్ అయింది. మెడపట్టీ పట్టా అయింది. వీళ్ళ మధ్య తిరిగి తిరిగి నాకూ అదే అలవాటయింది.

అసలు నర్సింలు ఇంట్లో మెడపట్టీకి మాటే లేదు. మందకుక్క మెడలో దారపు పోగు కూడా ఉండకూడదని వాళ్ళ పెద్దల మాట. మెడకు కట్టు పడిన రోజునుంచి అది మందను మరిచి మనిషి గడప పట్టుకుంటుందట. ఊళ్ళో అతని భార్య ముత్తవ్వ మంద కాస్తుంది. ఆమెకు తోడు రెండు కుక్కలు, కర్రోడు, బొల్లి. తోడేలు వచ్చిన ఏడాది కర్రోడు చెవి తెగినా దొడ్డి వాకిలి వదల్లేదని నర్సింలు నాకు ఎన్నిసార్లు చెప్పాడో. ప్రతిసారీ ఆ తోడేలు కాస్త పెరిగేది. నేనూ ఊ కొట్టేవాణ్ణి.

కిందటి చలికాలం మొదట్లో ఆ ఊళ్ళో ఒక పిల్లవాణ్ణి వీధికుక్కలు ముఖం మీద కరిచాయి. వాట్సాప్‌లో వచ్చిన ఆ ఫోటో నేను చూశాను. రెండోసారి చూడలేకపోయాను. విషపు సూదులు వేయించి ఊళ్ళో ఒక్క కుక్క లేకుండా చేస్తానని కొత్త సర్పంచ్ మాట ఇచ్చాడు. నిజం చెప్పాలంటే, ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. నర్సింలుతో ఆ మాటే అన్నాను.

అతను కోప్పడలేదు. "గిరన్నా, ఆ పోరన్ని కరిసింది ఊరకుక్క. మందకుక్క ఊళ్ళెకే రాదు. సూది పట్టుకొచ్చేటోనికి గది ఎర్కుంటదా? కర్రోడు లేకపోతె ముత్తవ్వ ఒక్కతి గుట్టల ఎట్ల తిరుగుతది?" అన్నాడు.

అప్పుడు మొదలైంది మా శుక్రవారం తిరుగుడు. ఆ ఊరివాళ్ళు మెసయీద్‌లో చాలామంది ఉన్నారు, కంపెనీ క్వార్టర్లలో. వాళ్ళందరిచేతా ఇళ్ళకు ఫోన్లు చేయించి, మందకుక్కలను ముట్టొద్దని అడిగించాలని నర్సింలు పట్టుదల. డ్రైవర్ ఎవరు? ఇంకెవరు, నేనే. బాబా సెలవిచ్చిన ఒక్క పూట కూడా కుక్కల సేవకే పోయింది.

"ఏందప్పా నర్సింలూ, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాలో మావోళ్ళు పెసరట్లకు పిలిచినారు. నీ కుక్కల కోసం నా కడుపు మాడ్చాల్నా?" అని దారి పొడుగునా సణిగేవాణ్ణి. అతను నవ్వి, డబ్బాలో తెచ్చిన రొట్టె నా ఒళ్ళో పెట్టేవాడు.

క్వార్టర్లలో మొదట్లో అందరూ ఎగతాళి చేశారు. కూర కలుపుతున్న సాయిబాబు గరిటె ఆపి, "అన్నా, మన గురించి అడిగెటోడే లేడు. కుక్కల గురించి ధర్నా చేద్దమంటవా?" అన్నాడు. గదంతా నవ్వు. నర్సింలుకు ఉపన్యాసాలు రావు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "మీ ఇంట్ల గొర్లు లేవా? మొన్నటి దాంక మీ అమ్మ కాయలేదా? మంద పోతె మీ తమ్ముడు గూడ ఈడికే వస్తడు, గీ రూముల ఇంకొక మంచం పడతది," అన్నాడు. నవ్వు తగ్గింది. సాయిబాబే మొదట ఫోన్ తీశాడు.

కొద్ది వారాల్లో ఊళ్ళో తల్లులంతా సర్పంచ్ ఇంటికి క్యూ కట్టారు. చివరికి ఆయనే నర్సింలుకు ఫోన్ చేశాడు. మేం కారులో ఉన్నాం. స్పీకర్‌లో విన్నాను. ఆ ఊరివాళ్ళకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

"నర్సన్నా, ఏం లొల్లి పెట్టినవే దుబాయ్ల కూసోని! మందకుక్క ఏదో, ఊరకుక్క ఏదో, సూదులు ఏసెటోళ్ళకు ఎట్ల తెలుస్తది?"

"పట్టా ఉంటది సారూ. మా కుక్కలకు పట్టా చేయిస్త. పట్టా ఉన్నదాన్ని ముట్టకుర్రి."

"గట్లయితె సరే. ఎల్లమ్మ పండుగ దాంక ఆగుతం. పట్టా లేకపోతె మాత్రం నన్ను అనొద్దు."

నర్సింలు ఫోన్ పెట్టేసి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. నాకూ కళ్ళు చెమర్చాయి. మా కొంప ముంచే మాట అప్పుడే, మా ముందరే, అతని నోటినుంచి వెళ్ళిపోయిందని ఇద్దరికీ తెలియదు. తెలుగునాట ఏ మూలకెళ్ళి పట్టా అన్నా భూమి కాగితమే గుర్తొస్తుంది. మెడపట్టీని వాళ్ళ ఊళ్ళో బెల్టు అంటారు. సర్పంచ్ ఏదో కాగితం అనుకున్నాడు. పశువుల డాక్టర్ సంతకం పెట్టి ఇచ్చేది ఉంటుందేమో అనుకున్నాడు. నర్సింలు మాత్రం తోలుపట్టీ అనుకున్నాడు. ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు.

ముత్తవ్వకూ నర్సింలు అదే మాట చెప్పాడు. ఆమె మండలానికి పోయి కుక్కకు పట్టా అడిగింది. ఆఫీసులో నవ్వారు. పశువుల ఆసుపత్రికి పొమ్మన్నారు. అక్కడా నవ్వారు. ఆమె ఫోన్‌లో, "పట్టా కోసం తిరుగుతున్న, ఎవరిస్తలేరు," అంటే, ఇతను దుకాణాల్లో తోలు దొరకడం లేదనుకున్నాడు.

"తిరగకు. నేనే చేయిస్తున్న ఈడ. సాయిబాబు లీవుకు వస్తుండు, అతనికిచ్చి పంపుత."

"దుబాయ్ల ఇస్తరా?"

"ఈడిది గట్టిగుంటది," అన్నాడు.

ఆమె సంతోషపడింది. దుబాయ్ ముద్ర ఉన్న కాగితానికి సర్పంచ్ కూడా ఎదురు చెప్పలేడనుకుని ఉంటుంది పాపం.

ఒవైస్ తోలు కోశాడు, నర్సింలు కుట్టాడు. నడిమధ్య ఎర్రదారంతో వరస. మెడకు కట్టు కూడదన్న పెద్దల మాట మీరుతున్నందుకు అతనికి భయంగానే ఉంది. "పానం దక్కినంక ఇప్పేస్తం," అని తనకు తనే చెప్పుకున్నాడు. ఖర్జూరం, పాలపొడి డబ్బా, నొప్పుల నూనె సీసాతో కలిపి మూట కట్టి సాయిబాబుకిచ్చాం. అతను ఊరికి పోకుండా నేరుగా అత్తగారింట్లో దిగాడు. అతని తమ్ముడు ఆ మూటను ముత్తవ్వ గడపలో పెట్టి వెళ్ళిపోయాడు.

మూట చేరిందని తెలిసిన రోజే వేట పోటీలకు బాబా సలూకీలను తీసుకుని బయల్దేరాడు. నర్సింలు వెంట పోవాలి, నేను వెనకాల సామాను బండి తోలాలి. గుడారాలు వేసిన చోట సిగ్నల్ లేదు. అంతకుముందు ఎన్నడూ లేనంత హుషారుగా ఉన్నాడు నర్సింలు ఆ రోజుల్లో. సలూకీ పరుగు తీస్తుంటే దాని పక్కనే పోతున్న కారు కిటికీలోంచి సగం బయటికి వంగి, తెలుగులో అరిచేవాడు. బాబాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా భుజం తట్టేవాడు. కుక్కలంటే పడని నేను కూడా ఒకసారి లేచి ఈల వేశాను. ఎవరికీ చెప్పకండి.

తిరిగొచ్చేటప్పుడు సలూకీలను నా బండిలోనే ఎక్కించి నర్సింలు నా పక్కన కూర్చున్నాడు. షహానియా దగ్గర ఫోన్లకు ప్రాణం వచ్చింది. నర్సింలు ఫోన్ మోగుతూనే ఉంది, ఒకటి తర్వాత ఒకటి, ముత్తవ్వ పంపిన వాయిస్ మెసేజీలు. అతను అవి వినకుండా నేరుగా స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు. నేను బండి పక్కకు ఆపాను.

"ఏడ సచ్చినవయ్యా? ఎన్నిసార్లు చేసిన!" ఆమె గొంతు ఏడ్చి ఏడ్చి పూడిపోయింది. "కర్రోడు పోయిండు. బొల్లి పోయింది. ఎల్లమ్మ పండుగ అయిన తెల్లారే సూదులేసి సంపిన్రు."

నర్సింలు ఫోన్‌ను రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"ఊరకుక్కలన్ని గుట్టలకు ఉరికినయ్. ఇవి ఉరకలేదు. దొడ్ల గొర్లున్నయ్ గదా, వాకిలి ఇడిసి ఎట్ల పోతయ్? నిలవడ్డయ్. నిలవడ్డకాడనే సంపిన్రు." కాసేపు ఏడ్చింది. తర్వాత ఆ గొంతు మారింది. "పట్టా పంపుతనంటివి. మూటంత ఎతికిన. పాలపొడి డబ్బా గూడ బోర్లిచ్చి సూసిన. కాయితం ఏదయ్యా?"

కాయితం అన్న మాట దగ్గర నర్సింలు నా వైపు తిరిగాడు. అప్పుడర్థమైంది ఇద్దరికీ. ఆ మొహం నేను చచ్చేదాకా మరిచిపోలేను.

ఆమె ఆగలేదు. "ఎరువుల దుకాణపాయన కుక్కను ముట్టలేదు. దాని మెడల బెల్టున్నదట, ఇడిసిపెట్టి పోయిన్రు. నువ్వు పంపిన మూటల గూడ బెల్టులున్నయ్. దూలానికి తగిలిచ్చిన. మనయి మందకుక్కలాయె, మెడకు కడతమా అనుకున్న." అక్కడ ఆగింది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు చాలా చిన్నదయింది. "ఏమయ్యా... గవి కుక్కలకు పంపినవా?"

అవునంటే నిజం. కానీ ఆ నిజంతో ఆమె బతకాలి, ఒంటరిగా, ఆ దూలం కింద, ఆ దొడ్డి పక్కన. ఇక్కడ ఏడవడానికి అతనికి నేనన్నా ఉన్నాను. అక్కడ ఆమెకు తోడున్నవి ఆ రెండే.

"కాదే," అన్నాడు నర్సింలు. "కుక్కలకు ఎవరన్నా బెల్టులు కడతరా? అవి పొట్టేళ్ళకు. గంటలు కట్టుటానికి. ఈడ గట్లనే కడతరు, మంచిగుంటయని పంపిన."

"మరి కాయితం?"

"మూటల పెట్టుడు నేనే మర్చిపోయిన."

అటువైపు నుంచి తిట్లు మొదలయ్యాయి. మర్చిపోతవా, తిండి తినుడు మర్చిపోయినవా, నీ దుబాయ్ మన్నుల గలవ, వాటి ఉసురు నీకే తగుల్తది. నా బతుకులో అంత గట్టి తిట్లు ఎప్పుడూ వినలేదు. అతను ప్రతిదానికీ "అవునే, నాదే తప్పు" అంటున్నాడు. ఇంటికి దీపంలాంటి రెండు కుక్కలను చంపించిన మొగుణ్ణి తిట్టే హక్కు ఆమెకు మిగిల్చాడు. నాకు మాత్రం బండి దిగిపోయి ఎడారిలో ఎటైనా నడవాలనిపించింది. నవ్విన ఆ ఆఫీసువాళ్ళ మీద కోపం, సర్పంచ్ మీద కోపం, ఆ దిక్కుమాలిన మాట మీద కోపం. ఒక్కడన్నా 'అమ్మా, పట్టా అంటే ఏంది?' అని అడిగి ఉంటే!

ఫోన్ పెట్టాక నర్సింలు చాలాసేపు చేతుల వంక చూసుకున్నాడు. వెనక బోనులో సలూకీలు మూలుగుతున్నాయి. దిగి నీళ్ళు పెట్టి వచ్చాడు.

"గిరన్నా, సాయిబాబుకు ఫోన్ చెయ్. ముత్తవ్వతోని బెల్టుల ముచ్చట తియ్యొద్దని చెప్పు. నేను చెప్తె ఏడుస్త."

చేశాను. సాయిబాబు మొత్తం విన్నాడు. తర్వాత సరేనన్నాడు.

మెసయీద్‌కు శుక్రవారాలు ఇప్పటికీ పోతున్నాం. పక్క ఊళ్ళ మందల కోసం ఫోన్లు చేయిస్తున్నాడు నర్సింలు. ఇప్పుడు బెల్టు అనే అంటాడు, అదీ రెండుసార్లు చెప్పి, ఎట్లుంటుందో చేత్తో మెడ చుట్టూ చూపిస్తాడు. నేను సణగడం మానేశాను.

మొన్న ముత్తవ్వ ఒక ఫోటో పంపింది. రెండు పొట్టేళ్ళు, మెడల్లో ఎర్రదారం కుట్టిన తోలుపట్టీలు, వాటికి ఇత్తడి గంటలు. మంచిగున్నాయని కింద వాయిస్ పెట్టింది, కోపం కొంచెం తగ్గినట్టుంది. నర్సింలు ఆ ఫోటో నాకు చూపించి, ఫోన్ జేబులో పెట్టుకుని, సలూకీలకు మాంసం కోయడానికి వెళ్ళాడు.