గవరయ్య తాలూకు

సాలూరు లారీ డ్రైవరు గవరయ్యకి క్లీనరు లేడు. ఈ రోజుల్లో క్లీనర్లు దొరకడమే కష్టం, భార్య పోయాక అతను వెతకడం కూడా మానేశాడు. లారీ వెనక్కి తీయాలంటే తనే దిగి, వెనక్కి నడిచి చూసి, మళ్లీ ఎక్కి, రెండు గజాలు తీసి, మళ్లీ దిగుతాడు. స్టాండులో వాళ్లు నవ్వితే, "రానీ రానీ అని సెప్పీవోడు నాకెవుడున్నాడ్రా!" అని తనూ నవ్వేసి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటాడు.

మూడు నెలలుగా విరేచనంలో నెత్తురు పడుతుంటే, ఇంజను వేడికి మొలలొచ్చాయనుకుని మజ్జిగ తాగి ఊరుకున్నాడు. చివరికి విజయనగరంలో డాక్టరు పెద్దపేగులోకి కెమెరా గొట్టం వేసి చూడాలన్నాడు. "మత్తిస్తాం. తోడెవరొచ్చారు?" అని అడిగింది నర్సు. "మత్తొద్దమ్మా, అలాగే సూసీయండి" అన్నాడు గవరయ్య. పళ్లు బిగబట్టి, తెర మీద తన పేగుని ఘాటీ రోడ్డులా రెప్పవేయకుండా చూశాడు. ఒక మలుపులో బుడిపె కనబడింది. డాక్టరు దాన్ని కోసి తీసి, క్యాన్సరో కాదో పరీక్షకి బయట ల్యాబులో ఇచ్చి రావాలన్నాడు. గవరయ్య లుంగీ సర్దుకుని, హాల్లో చివరి కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి ఇంకో నర్సు ఆ బుడిపె ఉన్న చిన్న సీసా పట్టుకుని గుమ్మంలోకి వచ్చి కేకేసింది.

"గవరయ్య తాలూకు ఎవరండీ?"

ఎవరూ కదల్లేదు. గవరయ్య అలవాటుగా ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. గోడ ఉంది. మెల్లగా లేచి నిలబడ్డాడు.

"నానేనమ్మా."